నలుగురిలో నేర్చుకున్నది ఎవరు?

ఏడో తరగతి, లెక్కల పీరియడు. బోర్డు మీద 2/3 + 1/4 అని ఉంది. పిల్లలు నలుగురేసి చొప్పున ఎదురెదురుగా కూర్చున్నారు. ఒక బృందంలో ఓ అమ్మాయి పై అంకెలను పైన, కింది అంకెలను కింద కలిపేసి 3/7 అని రాసింది. పక్కనున్న అబ్బాయి తొంగిచూసి ‘తప్పు, 11/12 రాసుకో’ అన్నాడు. ఆ అమ్మాయి కొట్టేసి రాసుకుంది. నాలుగు నోటుబుక్కుల్లోనూ జవాబు ఒప్పే. వెనక బృందంలోనూ ఒకరు అదే తప్పు చేశారు. అక్కడ పక్కపిల్ల జవాబు చెప్పలేదు. రొట్టెను మూడు ముక్కలు చేస్తే వచ్చే ముక్క, నాలుగు చేస్తే వచ్చే ముక్క ఒకటేనా అని అడిగింది. కాగితం మీద రెండు రొట్టెలు గీసి, రెండింటినీ పన్నెండేసి ముక్కలుగా కోసి చూపించింది. ఈలోగా బెల్లు కొట్టారు. ఆ బృందానికి రెండు లెక్కలు మిగిలిపోయాయి. తనిఖీకి వచ్చినవారెవరైనా మొదటి బృందానికే ‘వెరీ గుడ్’ చెప్పి వెళ్తారు. మర్నాడు 3/5 + 1/2 ఇచ్చి ఎవరి లెక్క వారినే చేయమన్నప్పుడు, ముందు రోజు ఒప్పు రాసుకున్న అమ్మాయి 4/7 అని రాస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మన బడుల్లో ఎక్కడైనా ఎదురయ్యే దృశ్యమే ఇది. చూసేవాళ్లకు రెండూ బృంద పనే. ఒకచోట జవాబు మాత్రం చేతులు మారింది, మరోచోట ఆ జవాబు వెనకున్న ఆలోచన మారింది. ఈ తేడా మార్కుల రిజిస్టరుకు ఎక్కదు, ఎంఈఓ కంటపడదు, వందల బడుల సగటు తీసే ఆర్థికవేత్తకు అసలే అందదు. పట్టుకోగలిగేది ఆ తరగతి టీచరే, అదీ పనిగట్టుకుని గమనిస్తేనే. సహకార అభ్యసనం మీద టీచరు తన తరగతిలో తానే చేసుకునే పరిశోధనకు విలువ ఉందంటే ఇందుకే. ఆ పద్ధతి మంచిదని ఇంకోసారి నిరూపించడానికైతే అంత శ్రమ దండగ. తన తరగతిలో అది ఎక్కడ చెడిపోతోందో, ఎవరి దగ్గర చెడిపోతోందో తేల్చుకోవడానికి మాత్రం వేరే దారి లేదు.

పద్ధతి పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు వచ్చి దాదాపు మూడు దశాబ్దాలవుతోంది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ స్లావిన్ 1990ల మధ్యలో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి జల్లెడ పట్టారు. బృందానికి ఒక ఉమ్మడి గుర్తింపు ఉండి, ఆ గుర్తింపు బృందంలో ఒక్కొక్కరు విడివిడిగా ఎంత నేర్చుకున్నారన్నదాని మీద ఆధారపడిన అధ్యయనాలు 64 తేలాయి. వాటిలో 50 చోట్ల పిల్లల చదువు స్పష్టంగా మెరుగుపడింది. నడిమి ఫలితం ప్రామాణిక విచలనంలో 0.32. మామూలు మాటల్లో చెప్పాలంటే, వందమందిలో యాభయ్యో మెట్టు మీద ఉన్న విద్యార్థి దాదాపు పన్నెండు మెట్లు పైకి వచ్చినట్టు. ఇక బృందమంతా కలిసి ఒకే చార్టో, ఒకే రిపోర్టో తయారుచేసి ఇచ్చే పద్ధతుల్లో, ఏ గుర్తింపూ లేకుండా ఊరికే కలిసి కూర్చునే పద్ధతుల్లో నడిమి ఫలితం 0.07. మూడు మెట్లు కూడా లేదు. రెండింటి పేరూ సహకార అభ్యసనమే. మన బడుల్లో ఎక్కువగా సాగే ప్రాజెక్టు పనులు ఏ కోవలోకి వస్తాయో ఉపాధ్యాయులకు వేరే చెప్పాలా? నలుగురి పేర్లతో ఒక చార్టు గోడకెక్కుతుంది. అందంగా రాసే అమ్మాయి రాస్తుంది, బొమ్మలు వేసే అబ్బాయి వేస్తాడు, మిగతా ఇద్దరూ గమ్ము, స్కెచ్ పెన్నులు తెస్తారు.

లోపల జరిగేదేమిటో మరికొందరు ఇంకా దగ్గరగా వెళ్లి చూశారు. కాలిఫోర్నియాలో నోరీన్ వెబ్ పిల్లల బృందాల మాటలను పూసగుచ్చినట్టు నమోదు చేసి తేల్చిన సంగతి ఒకటుంది: ఎందుకో ఎలాగో విడమరచి చెప్పిన పిల్లలు తామూ బాగా నేర్చుకుంటారు. సాయం అడిగి, ఉత్త జవాబు మాత్రమే అందుకున్నవారికి ఒరిగేదేమీ ఉండదు. కొన్నిసార్లు వెనకబడతారు కూడా. స్టాన్‌ఫోర్డ్‌లో ఎలిజబెత్ కోహెన్ చూసింది మరో కోణం. తెలివైనవారని తరగతి ముందే ముద్ర వేసిన పిల్లలే ఎక్కువ మాట్లాడతారు, వాళ్ల మాటే అందరూ వింటారు, కాబట్టి నేర్చుకునేదీ వాళ్లే. అంటే తరగతిలో అప్పటికే ఉన్న హెచ్చుతగ్గులను బృందం చెరిపేయకపోగా కొన్నిసార్లు గట్టిపరుస్తుంది. ఈ మాట మనం రెండుసార్లు చదువుకోవాలి. మన తరగతిలో బృందానికి లీడరు ఎవరు? ఫస్ట్ ర్యాంకు వచ్చేవారు. నోరు తెరవనిది ఎవరు? నిన్నగాక మొన్న వలస కుటుంబంతో వచ్చి చేరినవాడు, ఇంట్లో గోండో సవరో మాట్లాడి బడిలో తెలుగు వెతుక్కునే పిల్ల, ఊళ్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చిన్నప్పుడే నేర్చేసుకున్న పిల్లలు. బల్లలు కలిపినంత మాత్రాన ఇవన్నీ కలిసిపోవు.

విచిత్రమేమంటే, సహకార అభ్యసనం, తరగతి గది పరిశోధన అనే రెండు పాయలూ ఒకే ఊట నుంచి పుట్టాయి. నాజీల రాకతో 1933లో జర్మనీ వదిలి అమెరికా చేరిన యూదు మనోవిజ్ఞాన శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1946లో ‘చర్యాత్మక పరిశోధన’ గురించి రాశారు. ఒక పని చేయడం, ఏమైందో చూడడం, దాన్నిబట్టి మళ్లీ చేయడం అన్నది ఆయన చెప్పిన వరస. సహకారం, పోటీ మనుషుల మధ్య ఎలా పనిచేస్తాయన్న సిద్ధాంతాన్ని 1949లో నిలబెట్టిన మోర్టన్ డాయిచ్ ఆయన శిష్యుడే. ఒక పాయను 1953లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి స్టీఫెన్ కోరీ బడుల్లోకి మళ్లించారు. రెండోది 1971లో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో, నల్ల, తెల్ల, మెక్సికన్ మూలాల పిల్లలను ఒకే తరగతిలో కూర్చోబెట్టాక రేగిన ఘర్షణల నడుమ, ఇలియట్ అరోన్సన్ ‘జిగ్‌సా’ తరగతిగా రూపం కట్టింది. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కో పిల్లవాడికి ఒక్కో ముక్క ఇచ్చారు. ఎవరి ముక్క వారే మిగతావారికి చెప్పాలి. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని పిల్లవాడి మాట వినకపోతే వినని వారికే నష్టం. సహకారాన్ని నీతిబోధతో కాక, పని అల్లికతో రాబట్టే ఉపాయం అది.

తెలుగు నేలకు ఇవేవీ కొత్త కావు. బ్రిటిష్ సాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్ని, అదే ‘ఏపీపెప్’ను, పాతతరం టీచర్లు ఇంకా తలుచుకుంటారు. దాని ఆరు సూత్రాల్లో వ్యక్తిగత, బృంద, పూర్తి తరగతి పనులను పెంపొందించడం ఒకటి. ఉపాధ్యాయ కేంద్రాల్లో కూడి మాట్లాడుకునే అలవాటు అప్పుడే బలపడింది. 2011 రాష్ట్ర విద్యాప్రణాళిక చట్రం, దాని వెంట వచ్చిన పాఠ్యపుస్తకాలు ‘బృందాల్లో చర్చించండి’ అన్న మాటను పేజీ పేజీకీ తెచ్చాయి. అంటే కనీసం మూడున్నర దశాబ్దాలుగా మన పిల్లలు బృందాల్లో కూర్చుంటున్నారు. పిల్లలు ఎలా కూర్చోవాలో శిక్షణల్లో నేర్పారు, కూర్చున్నాక ఏం జరుగుతోందో చూడడం నేర్పలేదు. ఇక చర్యాత్మక పరిశోధన అంటారా, బీఈడీ, డీఈడీ చదివిన ప్రతివారికీ పరిచయమున్న మాటే. అయితే ఆ పరిచయం చాలామటుకు ఒక రికార్డుతో మొదలై అదే రికార్డుతో ముగుస్తుంది. ముందు ఒక పరీక్ష, మూడు వారాలు ‘జోక్యం’, తర్వాత ఒక పరీక్ష, రెండు సగటులు, ఒక బార్ గ్రాఫ్, ‘సహకార అభ్యసనం ప్రభావవంతమైనది’ అన్న ముగింపు. పేరూ ఊరూ మార్చుకుని సమర్పించడానికి వీలుగా అలాంటి రికార్డులు జిరాక్స్ సెంటర్లలో దొరుకుతాయి. ఫలితం ముందే తెలిసిన పరిశోధనను ఎవరైనా ఎందుకు శ్రమపడి చేయాలి, కొనుక్కుంటే సరిపోతుందిగా!

నిజమైన పరిశోధన ఇంతకంటే చిన్నదిగా, ఇంతకంటే కష్టంగా ఉంటుంది. ముప్పైమంది తరగతిలో రోజుకు ఒక్క బృందం చాలు. ఒక అట్టకు కాగితం బిగించి, నలుగురు పిల్లలకు నాలుగు గడులు గీసుకుంటుంది టీచరు. జవాబు చెబితే ‘జ’, కారణం చెబితే ‘కా’, ప్రశ్న అడిగితే ‘ప్ర’, చెప్పబోయి ఆగిపోతే సున్నా. పది నిమిషాలు, అంతే. రెండు వారాలు తిరిగేసరికి ఆ కాగితాలు మాట్లాడడం మొదలుపెడతాయి. ఒకే పిల్లవాడి గడిలో ‘జ’లు గుట్టపడి ఉంటాయి. ఒక అమ్మాయి గడిలో సున్నాలే ఉంటాయి. ‘ప్ర’ అన్న అక్షరం కాగితం మొత్తంలో ఎక్కడా కనపడకపోవచ్చు. అప్పుడు అసలైన ప్రశ్న పుడుతుంది. లీడరును వారం వారం మార్చితే ఈ సున్నాలు తగ్గుతాయా? లెక్కను ముక్కలు చేసి తలా ఒక ముక్క ఇస్తే? జవాబు చెప్పడానికి బృందం నుంచి ఎవరు లేవాలో చీటీ తీసి చెబితే? ఒక్క మార్పు చేసి, మళ్లీ గడులు నింపి, ప్రతి శుక్రవారం ఎవరికి వారు రాసే అయిదు లెక్కల స్లిప్ టెస్టుతో పోల్చుకోవాలి. చూడాల్సింది తరగతి సగటు కాదు, సున్నాల గడి ఉన్న అమ్మాయి శుక్రవారం కాగితం. సగటు పెరిగినా ఆ కాగితం మారకపోతే పద్ధతి ఆమె దగ్గర ఓడిపోయినట్టే.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. తన తరగతి, తన పాఠం, తన ప్రశ్నపత్రం, తనే దిద్దడం: ఇందులో నిష్పాక్షికత ఎక్కడిది? ముప్పైమంది మీద చేసినదాన్ని శాస్త్రమంటారా? కొత్త పద్ధతి అంటే పిల్లలకు మొదటి నెల ఉత్సాహం ఎలాగూ ఉంటుంది, మరీ తక్కువ మార్కులొచ్చినవారు తర్వాతి పరీక్షలో కొంత పుంజుకోవడం మామూలే, వాటిని పద్ధతి ఖాతాలో వేసుకోవడం ఎంతవరకు న్యాయం? ఇవి కొట్టిపారేసే ప్రశ్నలు కావు. చాలా రికార్డుల్లోని బార్ గ్రాఫులు ఈ ప్రశ్నల ముందు నిలవవు. అయితే మందు లేని జబ్బులూ కావు. స్లిప్ టెస్టు కాగితాల మీద పేర్లకు బదులు నంబర్లు వేసి పక్క సెక్షన్ టీచరు చేత దిద్దించుకోవచ్చు. భిన్నాలు బృందాల్లో, దశాంశాలు మామూలుగా, నిష్పత్తులు మళ్లీ బృందాల్లో చెప్పి, యూనిట్ వారీగా పోల్చవచ్చు. దీనివల్ల ఒక సెక్షన్ పిల్లలకు మంచి పద్ధతిని అందకుండా చేశామన్న దోషమూ ఉండదు. మొదటి నెల ఉత్సాహం చల్లారేదాకా ఆగి, రెండో నెల నుంచి లెక్కలోకి తీసుకోవచ్చు. జపాన్‌లో ‘జుగ్యో కెన్‌క్యూ’ పేరుతో నూరేళ్లకు పైగా సాగుతున్న పాఠ పరిశీలనలో కొందరు టీచర్లు కలిసి ఒక పాఠం అల్లుతారు. ఒకరు చెబుతుంటే మిగతావారు తరగతిలో నిలబడి గమనిస్తారు. వారి చూపు పాఠం చెప్పే టీచరు మీద ఉండదు, పిల్లల మీద ఉంటుంది. మన స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలను ఇందుకు వాడుకుంటే అదనంగా పైసా ఖర్చు లేదు.

అయినా ఈ పరిశోధన ఫలితం రాష్ట్రమంతటికీ వర్తిస్తుందని టీచరు చెప్పనక్కర్లేదు. చెప్పకూడదు కూడా. ఇంగ్లాండులో లారెన్స్ స్టెన్‌హౌస్ 1975లో పరిశోధకుడిగా ఉపాధ్యాయుడు అన్న ఆలోచనను గట్టిగా నిలబెట్టినప్పుడు ఆయన వాదన సారాంశం ఇదే: బయటినుంచి వచ్చే ఏ విద్యా ప్రతిపాదననైనా టీచరు తన తరగతిలో పరీక్షించి చూడాల్సిన ఊహగానే తీసుకోవాలి తప్ప ఆజ్ఞగా కాదు. అంతకు నాలుగు దశాబ్దాల ముందే గుజరాత్‌లో గిజుభాయి బధేకా ఇదే సంగతిని కథగా రాశారు. తెలుగులో ‘పగటికల’గా వచ్చిన ఆ పుస్తకంలో ఉపాధ్యాయుడు ఒక తరగతిని ఏడాదిపాటు తనకు వదిలేయమని విద్యాధికారిని అడుగుతాడు. అధికారి సరేనంటాడు. పుస్తకం పేరు పగటికల కావడానికి బహుశా ఆ ‘సరే’ కూడా ఒక కారణమేమో.

పెద్ద అధ్యయనాలు ఉండగా ఈ చిన్న కాగితాలెందుకన్నది రెండో అభ్యంతరం. పెద్ద అధ్యయనాలకు మన గడ్డ పేరుపొందినదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 300 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో జరిపిన ప్రయోగాన్ని ప్రపంచమంతా ఉటంకిస్తుంది. పిల్లల మార్కులతో ముడిపెట్టి టీచర్లకు బోనస్ ఇస్తే రెండేళ్లలో గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర మెరుగుదల కనిపించింది. విధానం నిర్ణయించేవారికి అలాంటి అంకెలు అవసరమే. కానీ ఆ బడుల్లోని టీచర్లు ఆ పరిశోధనకు వస్తువులు, కర్తలు కారు. బోనస్ కోసం వాళ్లు తరగతిలో సరిగ్గా ఏం మార్చారు, ఏ పిల్లవాడికి అది అందింది అన్నది సగటులో మునిగిపోయింది. స్లావిన్ చెప్పిన 64లో 14 చోట్ల స్పష్టమైన ఫలితం కనపడలేదని మరవకూడదు. మన తరగతి ఆ 50లో ఉందో, 14లో ఉందో స్లావిన్ చెప్పలేరు.

సిలబస్ మాటేమిటి? ఇది స్టాఫ్‌రూములో ముందుగా వినపడే అభ్యంతరం, నిజాయతీ ఉన్నది కూడా. బృంద పని అంటే పాఠం మానేయడమన్న అపోహ దీనికి మూలం. స్లావిన్ రూపొందించిన పద్ధతిలో ముందు టీచరు మామూలుగానే పాఠం చెబుతుంది, తర్వాత బృందాల్లో సాధన, ఆ తర్వాత ఎవరికి వారు పరీక్ష. గత పరీక్షకంటే ఎంత మెరుగుపడ్డారన్నదాన్నిబట్టి ప్రతి ఒక్కరూ బృందానికి పాయింట్లు తెస్తారు. 30 మార్కుల నుంచి 45కు వచ్చిన పిల్ల, 95 దగ్గరే నిలకడగా ఉన్న పిల్ల ఇద్దరూ బృందానికి పనికొస్తారు. పీరియడులో పదిహేను నిమిషాలు దీనికి పోతే, ఆ పదిహేను నిమిషాలు ఇప్పుడు నోట్సు ఎక్కించుకోవడానికి పోతున్నవే. బాగా చదివే పిల్లలు నష్టపోతారన్న తల్లిదండ్రుల భయానికి జవాబు వెబ్ పరిశీలనలోనే ఉంది. విడమరచి చెప్పే పిల్ల నష్టపోదు. పక్కవాళ్ల పని కూడా తానే చేసిపెట్టే పిల్ల నష్టపోతుంది. ఆ తల్లిదండ్రుల భయం పూర్తిగా తప్పని కొట్టేయలేం, వారి పిల్ల గడిలో ఏ అక్షరాలున్నాయో చూసి జవాబు చెప్పాలి.

ఒకరిద్దరు టీచర్లతో అయిదు తరగతులు నెట్టుకొచ్చే చిన్న బడుల్లో ఈ చర్చకు రూపమే మారిపోతుంది. అక్కడ పిల్లలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడం ఇష్టాయిష్టాల సంగతి కాదు. టీచరు మూడో తరగతికి చెబుతుంటే రెండో తరగతి ఏం చేయాలి? మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ఈ ప్రశ్నకే దశాబ్దాల క్రితం కార్డులు, అభ్యసన నిచ్చెనలతో జవాబు వెతికింది. కొందరు టీచరు సాయంతో, కొందరు తోటిపిల్లల సాయంతో, కొందరు సొంతంగా నేర్చుకునే ఆ పద్ధతి తర్వాత తమిళనాడు సహా పలు రాష్ట్రాలకు పాకింది. అది ఒక పల్లెబడిలో అమర్చి, చూసి, మార్చి, మళ్లీ చూసి తయారుచేసింది. ఇతర చోట్లకు వెళ్లినప్పుడు కార్డులు వెళ్లినంత సులువుగా ఆ ‘మార్చి చూడడం’ వెళ్లలేదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం చివరిది: టీచర్ల నెత్తిన ఇంకో రికార్డా? హాజరు యాప్, మధ్యాహ్న భోజనం ఫొటో, ఎన్నికల డ్యూటీ, సర్వే. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుతో సంబంధం లేని పనులకు టీచర్లను వాడొద్దంటుంది. అదే చట్టం షెడ్యూలు వారానికి 45 గంటల పనిలో పాఠానికి సిద్ధమయ్యే సమయాన్నీ కలిపింది. ఆ సిద్ధమయ్యే గంటలు ఎటు పోతున్నాయో అందరికీ తెలుసు. కాబట్టి తరగతి గది పరిశోధనను ఉత్తర్వుతో తప్పనిసరి చేస్తే మర్నాటికే దానికో ప్రొఫార్మా, వారానికే ఒక యాప్, నెలకు జిరాక్స్ సెంటర్‌లో ఒక రెడీమేడ్ కాపీ వస్తాయి. పరిశోధన చచ్చిపోయి ఫైలు మిగులుతుంది. చేయాల్సింది తక్కువే. జాతీయ విద్యావిధానం–2020 ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల వృత్తి వికాసం ఉండాలంటోంది. అందులో పదిహేను, ఇరవై గంటలు, ఇష్టపడిన టీచర్లకు, ఉపన్యాసాలు వినడానికి బదులు తమ తరగతి కాగితాలు పట్టుకుని పక్క బడి టీచరుతో కూర్చోవడానికి వదిలేయాలి. పిల్లల పేర్లు బయటికి రాకూడదన్న ఒక్క నియమం చాలు. ఫలితం బాగా రాలేదని రాసిన టీచరును సంజాయిషీ అడగబోమని డీఈఓలు మాట ఇవ్వాలి. ఆ మాట లేనిదే మిగతావి ఎన్ని ఇచ్చినా ప్రతి రికార్డూ విజయగాథే అవుతుంది.

ప్రభుత్వం కదిలేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధ్యాయ సంఘాలకు సొంత పత్రికలున్నాయి. పీఆర్సీ, డీఏ, బదిలీల వార్తల మధ్య నెలకు రెండు పేజీలు టీచర్ల తరగతి పరిశోధనలకు కేటాయించమని వాటి సంపాదకులకు విన్నపం. మొదటి సంచికలో ఒక ఓటమిని అచ్చువేయండి: ఏ యూనిట్, ఎన్ని వారాలు, ఏం మార్చారు, ఎవరి గడిలో సున్నాలు అలాగే ఉండిపోయాయి.